దూరవిద్య కోర్సు గిట్టుబాటు అవుతుందా? పాఠం రాయించడం నుంచి ఆఖరి బ్యాక్‌లాగ్ పరీక్ష దాకా లెక్క వేసే పద్ధతి

దూరవిద్యా కేంద్రం బడ్జెట్ మీటింగుల్లో ముందుగా వినిపించే ప్రశ్న "ఈ ఏడాది అడ్మిషన్లు ఎన్ని?" అన్నది. అంకె పెద్దదైతే టీ, బిస్కెట్లతో మీటింగ్ ముగుస్తుంది. చిన్నదైతే పత్రికా ప్రకటనల బడ్జెట్ పెంచమంటారు. అసలు అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఒక్కో పేపరుకు, అంటే ఒక్కో సబ్జెక్టుకు, ఎంతమంది విద్యార్థులు వస్తున్నారు? మొదటి ఏడాది చేరినవాళ్లలో రెండో ఏడాది ఫీజు కట్టేవాళ్లు ఎంతమంది? ఈ రెండూ తెలిస్తే మిగతా లెక్క పదో తరగతి గణితమే.

రెగ్యులర్ కోర్సులు నడుపుతూ దూరవిద్యలో కొత్తగా ఒక తెలుగు మాధ్యమం ఎంఏ మొదలుపెట్టాలనుకుంటున్న రాష్ట్ర విశ్వవిద్యాలయాన్ని మనసులో పెట్టుకుని ఈ మార్గదర్శి రాస్తున్నాను. డైరెక్టర్లు, కోర్సు కోఆర్డినేటర్లు, ఫైనాన్స్ ఆఫీసు వాళ్లు చదువుతారని అనుకుంటున్నాను. ఖర్చుల అంకెలన్నీ లెక్క చూపించడానికి నేను పెట్టుకున్నవి. వాటి స్థానంలో మీ విశ్వవిద్యాలయం రేట్లు వేసుకోండి. పద్ధతి మారదు.

ముందు ఒక ప్రాథమిక విషయం

రెగ్యులర్ కాలేజీలో అరవై మంది పెరిగితే ఇంకో సెక్షన్ పెట్టాలి. గది కావాలి, లెక్చరర్ కావాలి. దూరవిద్యలో పాఠం ఒకసారి రాయిస్తే వంద మంది చదివినా పదివేల మంది చదివినా రాసినవారికి ఇచ్చేది అంతే. బ్రిటన్‌లో 1969లో పుట్టి 1971లో విద్యార్థులను చేర్చుకున్న ఓపెన్ యూనివర్సిటీ ఈ సూత్రం మీదే నిలబడింది. మన దగ్గర 1982లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ అదే ఆధారం. ఇప్పటి డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాద్‌దే. దాని తొలి వైస్‌చాన్స్‌లర్ జి.రామ్‌రెడ్డి 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమైన ఇగ్నోకూ తొలి వైస్‌చాన్స్‌లర్ అయ్యారు.

అయితే ఈ సూత్రానికి రెండో వైపూ ఉంది. విద్యార్థులు పదివేలు కాకుండా రెండొందలే వస్తే, పాఠం రాయించిన ఖర్చంతా ఆ రెండొందల మంది నెత్తిన పడుతుంది. అప్పుడు దూరవిద్య రెగ్యులర్ కోర్సుకన్నా ఖరీదవుతుంది. "దూరవిద్య అంటే చవక" అని కళ్లు మూసుకుని నమ్మే పాలకమండళ్లకు ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి.

మెట్టు 1: అనుమతి లెక్క

యూజీసీ 2020 సెప్టెంబరులో తెచ్చిన ఓపెన్, దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనలే ఇప్పటికీ మూలం. వాటికి తర్వాత వచ్చిన సవరణలు కూడా దగ్గర పెట్టుకోండి. రెగ్యులర్ విశ్వవిద్యాలయం దూరవిద్య నడపాలంటే విద్యాసంస్థల నాణ్యత తేల్చే న్యాక్‌లో నాలుగుకు కనీసం 3.01 స్కోరు ఉండాలి. లేదా కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ విశ్వవిద్యాలయాల జాబితాలో మొదటి వందలో చోటు ఉండాలి. ఇంజినీరింగ్, వైద్యం, ఫార్మసీ, నర్సింగ్, పీహెచ్‌డీల జోలికి వెళ్లకూడదు. బీఈడీకి ఉపాధ్యాయ విద్యను చూసే ఎన్‌సీటీఈ అనుమతి వేరుగా తెచ్చుకోవాలి. ఫ్రాంచైజీ నిషిద్ధం. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి రాష్ట్రమే హద్దు.

ఈ ఆఖరి మాట మన జేబుకు నేరుగా తగులుతుంది. తెలుగు మాధ్యమంలో చరిత్ర పాఠాలు వరంగల్‌లో రాసినా విశాఖలో రాసినా చదివే భాష ఒకటే. అయినా హద్దు కారణంగా ఒకే విషయాన్ని రెండు రాష్ట్రాల్లో ఎవరికి వారు డబ్బు పెట్టి రాయించుకుంటున్నారు. నిబంధన అడ్డుపడేది విద్యార్థుల ప్రవేశాలకే. పాఠం కొనుక్కోవడానికీ అమ్ముకోవడానికీ అడ్డు లేదు. రాయించే ముందు పక్క విశ్వవిద్యాలయంతో ఒప్పందం కుదురుతుందేమో అడగడం నా దృష్టిలో మొదటి పొదుపు.

అనుమతి పోయే ప్రమాదాన్నీ ఖర్చుగానే చూడాలి. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలు చెల్లవని 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఇటీవలిది చూస్తే, అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పేరు మీద 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ లాంటి కోర్సులను దూరవిద్యలో నిలిపేయమని యూజీసీ చెప్పింది. అంతకు ఏడాది ముందు వాటికి పుస్తకాలు రాయించి అచ్చేయించినవాళ్ల డబ్బు గోడౌన్లోనే ఉండిపోయినట్టు. వృత్తి లైసెన్సుతో ముడిపడిన కోర్సులకు పుస్తకాల ఖర్చును అయిదేళ్లకు కాకుండా మూడేళ్లకే పంచుకోండి.

మెట్టు 2: పేపర్లు లెక్కపెట్టండి

ఎంఏకి 80 క్రెడిట్లు, పేపరుకు 4 క్రెడిట్లు అనుకుంటే 20 పేపర్లు. దూరవిద్యలో క్రెడిట్‌కు 30 గంటల చదువు కాబట్టి ఒక్కో పేపరు 120 గంటల చదువు. దానికి సుమారు 15 యూనిట్ల (పాఠాల) పుస్తకం కావాలి.

డబ్బు అంతా కదిలేది ఇక్కడే. సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగులో ప్రతి సభ్యుడికీ తన ప్రత్యేక విషయం మీద ఒక ఐచ్ఛిక పేపరు ఉండాలనిపిస్తుంది. రెగ్యులర్ కోర్సులో ఆ పేపరుకు అయ్యేది ఒక లెక్చరర్ టైంటేబుల్లో నాలుగు గంటలు. దూరవిద్యలో అదే పేపరుకు పుస్తకం రాయించాలి, ఎడిట్ చేయించాలి, అచ్చు వేయించాలి, ఏడాదికి రెండుసార్లు ప్రశ్నపత్రం తయారు చేయించాలి, మూల్యాంకనానికి మనిషిని వెతకాలి. ఆ పేపరు ఎంచుకునేది పదకొండు మందే కావచ్చు.

నా సలహా కఠినంగానే ఉంటుంది. మొదటి అయిదేళ్లు ఐచ్ఛికాలు వద్దు, 20కి 20 పేపర్లూ అందరికీ ఒకటే. తప్పదంటే రెండు గ్రూపులకు మించకుండా చూడండి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం'లోని కోర్సుల క్రెడిట్లను సెమిస్టరులో 40 శాతం దాకా లెక్కలోకి తీసుకోవచ్చని 2021 నిబంధనలు చెబుతున్నాయి. తక్కువమంది కోరుకునే విషయాలకు, మీ అకడమిక్ కౌన్సిల్ ఒప్పుకుంటే, అది మంచి దారి. తెలుగు మాధ్యమం పిల్లలకు అక్కడ దొరికేది తక్కువన్నది మాత్రం మరిచిపోవద్దు.

మెట్టు 3: ఒక పేపరు తయారీ ఖర్చు

పదిహేను యూనిట్ల పేపరుకు ఇలా వేసుకుందాం. రాసినందుకు యూనిట్‌కు 6,000 చొప్పున 90,000. విషయ సంపాదకుడికి యూనిట్‌కు 1,500 చొప్పున 22,500. భాష దిద్దినందుకు యూనిట్‌కు 500 చొప్పున 7,500. డీటీపీ, ప్రూఫులు, బొమ్మలు, అట్ట కలిపి 20,000. యూనిట్‌కొక చిన్న వీడియో పాఠం 4,000 చొప్పున 60,000. మొత్తం 2 లక్షల రూపాయలు. ఇరవై పేపర్లకు 40 లక్షలు. అయిదేళ్లు ఆ పుస్తకాలే నడుస్తాయనుకుంటే ఏడాదికి 8 లక్షలు.

ఈ జాబితాలో అందరూ కోత పెట్టేది భాష దిద్దే పద్దు మీద. నేనైతే దాన్ని రెట్టింపు చేస్తాను. ఇంగ్లిషు పుస్తకం నుంచి మక్కికి మక్కి దించిన తెలుగు, ఒక్కో వాక్యం అయిదు లైన్లు, క్రియ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పరిస్థితి. రెగ్యులర్ విద్యార్థి అయితే లెక్చరర్‌ను అడుగుతాడు. దూరవిద్య విద్యార్థికి పుస్తకమే లెక్చరర్. అర్థం కాకపోతే మానేస్తాడు. రేటు రెట్టింపు చేస్తే ఇరవై పేపర్లకూ అదనంగా పడేది లక్షన్నర, అంటే ఏడాదికి 30,000. ముందు ముందు వేసే లెక్కలో చూస్తే అది అయిదుగురు విద్యార్థుల ఫీజు మీద మిగిలే డబ్బు.

మంచి పుస్తకానికి ఇంకో ఆదాయమూ ఉంది. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ తెలుగు పుస్తకాలను, తెలుగు అకాడమీ పుస్తకాలను గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్లు వెతుక్కుని మరీ చదువుతారు. హైదరాబాద్ అశోక్‌నగర్ పుస్తకాల షాపుల్లో ఆ గిరాకీ కళ్లారా చూడొచ్చు. చరిత్ర, పాలిటీ, అర్థశాస్త్రం పుస్తకాలు బాగా వస్తే బయటివాళ్లకు ధర పెట్టి అమ్మండి. ముద్రించిన పుస్తకాల మీద జీఎస్టీ లేదు. కాపీరైట్ విశ్వవిద్యాలయానిదేనని రచయితతో చేసుకునే ఒప్పందంలో రాసుకుని ఉండాలి. తర్వాత గొడవపడేకన్నా ముందు ఒక పేజీ కాగితం మేలు.

ఇగ్నో వెబ్ భాండాగారం ఈజ్ఞాన్‌కోశ్‌లో దాని పుస్తకాలు అందరికీ కనిపిస్తున్నాయి కదా, తెచ్చుకుని అట్ట మార్చేద్దాం అన్న ఆలోచన వస్తే ఆపేయండి. చదువుకోవడానికి తెరిచి ఉంచడం వేరు, మళ్లీ అచ్చువేసుకునే హక్కు వేరు. రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటే మాత్రం రాత ఖర్చు బాగా తగ్గుతుంది.

మెట్టు 4: అచ్చు, పోస్టు

పుస్తకం 240 పేజీలు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) ఏ4 కాగితం మీద ఒక్కో పుస్తకం అట్టతో కలిపి అరకిలో దాటుతుంది. సెమిస్టరుకు అయిదు పుస్తకాలు, దాదాపు రెండు కిలోల ఏడొందల గ్రాములు. ఏడాదివి పదీ ఒకే పార్శిల్‌లో కడితే 5 కిలోలు మించిపోతుంది. ఈ 5 కిలోల గీత ఎందుకు ముఖ్యమంటే, 2025 మే నుంచి తపాలా శాఖ చదువు పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే సేవ నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం. ఉపరితల రవాణాలో వెళ్తుంది, ట్రాకింగ్ ఉంటుంది. అదే ఏడాది రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి పాత రేట్ల పట్టికలు పక్కన పడేయండి. కాగితం 60 జీఎస్‌ఎంకు మారిస్తే పది పుస్తకాలూ 5 కిలోల లోపే సర్దుకుంటాయి.

సర్దుకుంటాయి సరే, పది పుస్తకాలూ ఒకేసారి పంపడం తెలివైన పనేనా? మొదటి సెమిస్టరు పరీక్ష ఫీజు కట్టనివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ కొంతమంది ఉంటారు. రెండో సెమిస్టరు పుస్తకాలు వాళ్లకు పంపడం వృథా. రెండు పార్శిళ్లకు పోస్టు ఖర్చు కొంత పెరిగినా, అచ్చు మీద మిగిలేది దానికన్నా ఎక్కువ.

మన ఉదాహరణలో విద్యార్థికి ఏడాదికి అచ్చు 1,200, ప్యాకింగ్, పోస్టు కలిపి 250 వేసుకుందాం. వెయ్యి సెట్లు అచ్చేస్తే వచ్చే రేటు ఇది. మూడొందలే వేయిస్తే సెట్ ఖరీదు పెరుగుతుంది. రేటు తగ్గుతుందని వెయ్యి వేయించి 650 మందికే ఇస్తే, మిగిలిన 350 సెట్ల కింద 4,20,000 రూపాయలు గోడౌన్లో కూర్చుంటాయి. సిలబస్ మారిన రోజు అవి తూకానికే. ప్రింటర్ చెప్పే తక్కువ రేటు చూసి ఆర్డర్ పెంచకండి. చేరినవాళ్ల సంఖ్య చూసి పెంచండి.

పుస్తకం వద్దు, పీడీఎఫ్ చాలన్నవారికి ఇగ్నో కోర్సు ఫీజులో 15 శాతం తగ్గిస్తోంది. మన లెక్కలో 9,000 ఫీజుకు 15 శాతం అంటే 1,350. మిగిలే అచ్చు, పోస్టు ఖర్చు 1,450. ఉభయులకూ లాభమే, కాని ఆ ఎంపిక అచ్చు ఆర్డర్ ఇవ్వకముందే తీసుకోవాలి. అచ్చేశాక తగ్గింపు ఇస్తే రెండు వైపులా పోతుంది.

మెట్టు 5: స్టడీ సెంటర్లు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పేపరుకు 12 గంటల కౌన్సెలింగ్ క్లాసులు, ఇరవై పేపర్లకు 240 గంటలు, గంటకు 600 చొప్పున ఒక్కో సెంటర్‌కు ఏడాదికి 1,44,000. సెంటర్లో ఎనిమిది మంది ఉన్నా ఎనభై మంది ఉన్నా ఇదే ఖర్చు. ఇద్దరు ప్రయాణికులతో తిరిగే పల్లెవెలుగు బస్సుకూ డీజిల్ తగ్గదు కదా. విద్యార్థి ఒక్కరి మీద మిగిలేది 6,200 (ఈ అంకె ఎలా వచ్చిందో కింద చెబుతాను) కాబట్టి, రెండేళ్లవాళ్లూ కలిపి 24 మంది లేని సెంటర్ తన క్లాసుల ఖర్చు కూడా రాబట్టదు.

పది సెంటర్లకు 14,40,000. ఇందులో సగం గంటలు, నిబంధనలు ఒప్పుకున్న మేరకు, ఆన్‌లైన్‌కు మార్చి అన్ని సెంటర్లకూ ఒకే మంచి అధ్యాపకుడితో చెప్పించారనుకోండి. ఆయనకు గంటకు 600 బదులు 1,200 ఇచ్చినా ఆన్‌లైన్ ఖర్చు ఏడాదికి 1,44,000 మాత్రమే. సెంటర్లలో మిగిలిన సగానికి 7,20,000. మొత్తం 8,64,000, ఆదా 5,76,000. తెలంగాణలో టీశాట్ ద్వారా అంబేద్కర్ వర్సిటీ పాఠాలు ప్రసారమవుతున్నాయి. అలాంటి ప్రభుత్వ వేదిక దొరికితే స్టూడియో ఖర్చూ తగ్గుతుంది.

సగమే ఎందుకు, మొత్తం ఆన్‌లైన్ చేసేయొచ్చు కదా అనే ఫైనాన్స్ ఆఫీసర్లు ఉంటారు. ఆదివారం క్లాసుకు వచ్చే అంగన్‌వాడీ టీచర్, కండక్టర్, పెళ్లయి చదువు ఆగిపోయిన ఆమె అక్కడ ఒకరినొకరు చూసుకుంటారు, నోట్సు మార్చుకుంటారు, పరీక్ష ఫీజు ఆఖరి తేదీ గుర్తు చేసుకుంటారు. ఆ క్లాసు ఎత్తేస్తే ఆ నష్టం రెండో ఏడాది ఫీజుల పద్దులో కనిపిస్తుంది. గంటలు తగ్గించండి, సెంటర్ ఎత్తేయకండి. ఎత్తేయాల్సింది 24 మంది లేని సెంటర్ పక్కనే ఇంకో సెంటర్ ఉన్నప్పుడు మాత్రమే.

ఫీజుల వసూలు సెంటర్ల చేతికి ఇవ్వొద్దు. ఫీజులో వాటా లెక్కన ఎక్కడెక్కడో వెలిసిన స్టడీ సెంటర్లతో మన విశ్వవిద్యాలయాల పేరు ఒకప్పుడు ఎంత పాడైందో రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలుసు. విద్యార్థి ఖాతా నుంచి డబ్బు నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాలో పడాలి. సెంటర్‌కు ఇచ్చేది జరిగిన క్లాసులకు, హాజరు షీటు చూసి.

మెట్టు 6: పరీక్షలు

మార్కుల్లో అంతర్గత మూల్యాంకనం 30 శాతం మించదు, 70 శాతం చివరి పరీక్షదే. ఖర్చులో అయితే పరీక్షల వాటా ఇంకా ఎక్కువ. విద్యార్థికి ఏడాదికి అసైన్‌మెంట్లు దిద్దడానికి 200, పరీక్షలకు 850 (జవాబు బుక్‌లెట్లు, ఇన్విజిలేషన్, సెంటర్ అద్దె, బండిల్స్ రవాణా, మూల్యాంకనం కలిపి) వేసుకుందాం. హెల్ప్‌డెస్క్, పేమెంట్ గేట్‌వే, గుర్తింపు కార్డు లాంటివి 300.

పరీక్షల విభాగంలో ఎవరూ విడిగా చూడని పద్దు ఒకటుంది. ఇరవై పేపర్లు, ఏడాదికి రెండు పరీక్షలు, నలభై ప్రశ్నపత్రాలు. సెట్టింగు, మోడరేషన్, గోప్య ముద్రణ కలిపి ఒక్కోదానికి 3,000 అనుకున్నా 1,20,000. రాసేది ఒక్కరైనా ఇంతే. ఇది ఆఖర్లో మళ్లీ వస్తుంది.

మెట్టు 7: ఎంతమంది ఉంటే గట్టెక్కుతాం

ఇప్పుడు అన్నీ కలుపుదాం. విద్యార్థి ఒక్కరికి పెరిగే ఖర్చు: అచ్చు 1,200, పోస్టు 250, అసైన్‌మెంట్లు 200, పరీక్షలు 850, ఇతరం 300. మొత్తం 2,800. పరీక్ష ఫీజుతో కలిపి ఏడాదికి వసూలు చేసేది 9,000. ఒక్కరి మీద మిగిలేది 6,200.

విద్యార్థుల సంఖ్యతో పని లేకుండా అయ్యేవి: పుస్తకాల తయారీ వాటా 8 లక్షలు, కోర్సుకు కేటాయించిన అధ్యాపకులు 30 లక్షలు, ఆఫీసు, సాఫ్ట్‌వేర్, ప్రశ్నపత్రాలు, ప్రకటనలు 12 లక్షలు, పది సెంటర్ల క్లాసులు 14,40,000. మొత్తం 64,40,000. దీన్ని 6,200తో భాగిస్తే 1,039 మంది.

ఈ 1,039 రెండేళ్లవాళ్లూ కలిపి. సగం చేస్తే 520, అంటే ఏడాదికి 520 అడ్మిషన్లు చాలు అని ప్రతిపాదనలో రాసేస్తారు. ఇది మొదటి ఏడాది చేరినవాళ్లందరూ రెండో ఏడాదికి వస్తారనుకుంటే నిజం. అలా ఎక్కడా జరగదు. నూటికి 60 మంది వస్తే 650 అడ్మిషన్లు కావాలి. 40 మందే వస్తే 743. అడ్మిషన్లు 520 దగ్గర ఆగి, 60 శాతం వస్తే ఏటా నష్టమే. ప్రకటన పేజీలో మాత్రం "విజయవంతంగా నడుస్తున్న కోర్సు" అనే ఉంటుంది.

ఈ లెక్క ఎక్సెల్లో పెట్టుకుని మూడు గడులు మార్చి చూడండి: ఫీజు, రెండో ఏడాది శాతం, సెంటర్ల సంఖ్య. ఫీజు 1,000 పెంచితే 895 మంది చాలు. 1,000 తగ్గిస్తే 1,239 మంది కావాలి. సెంటర్ల గంటలు సగం ఆన్‌లైన్ చేస్తే 93 మంది తక్కువైనా గట్టెక్కుతాం. ఎనిమిది ఐచ్ఛిక పేపర్లు కలిపితే పుస్తకాల ఖర్చుకే ఇంకో 52 మంది కావాలి, క్లాసులూ పరీక్షలూ కాకుండా. బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగుకు ఈ ఒక్క అంకె తీసుకెళ్తే చాలు.

మెట్టు 8: పోయేవాళ్లను ఆపడం

కొత్త విద్యార్థిని తేవడానికి ప్రకటన ఇవ్వాలి, డెబ్-ఐడీ (యూజీసీ దూరవిద్యా బ్యూరో ఇచ్చే విద్యార్థి గుర్తింపు సంఖ్య) చేయించాలి, సర్టిఫికెట్లు సరిచూడాలి. రెండో ఏడాదికి రావాల్సిన విద్యార్థికి ఇవేవీ అక్కర్లేదు. అతని ఫోన్ నంబరు మన దగ్గరే ఉంది.

నెలకు 20,000 జీతంతో ఒక మనిషిని పెట్టండి. పని ఒకటే: అసైన్‌మెంట్ పంపనివాళ్లకు, పరీక్ష ఫీజు కట్టనివాళ్లకు, రీ-రిజిస్ట్రేషన్ చేయనివాళ్లకు తెలుగులో ఫోన్ చేసి మాట్లాడడం. ఏడాదికి 2,40,000 ఖర్చు. 39 మంది అదనంగా రెండో ఏడాది ఫీజు కడితే అది తిరిగొచ్చేస్తుంది. 650 మందిలో 39 అంటే ఆరు శాతం. అరవై శాతాన్ని అరవై ఆరు చేస్తే చాలు. వచ్చిన జవాబులు ఒక రిజిస్టర్లో రాయించండి. ఎక్కువమంది చెప్పేది పాఠం కష్టమని కాదు. పుస్తకాలు పరీక్షకు వారం ముందు అందాయనో, హాల్‌టికెట్‌లో పేపరు తప్పు పడిందనో, ఫలితాలు రాకుండానే తర్వాతి ఫీజు కట్టమన్నారనో చెబుతారు. ఇవన్నీ మన ఆఫీసు సరిచేసుకోగలిగినవే.

మెట్టు 9: ఫీజు పెట్టడం

పక్క విశ్వవిద్యాలయం ఎంత పెట్టిందో చూసి అయిదొందలు తగ్గించడం మన దగ్గర అలవాటు. పైన చూసినట్టు వెయ్యి తగ్గిస్తే కొత్తగా రెండొందల మంది రావాలి. వస్తారా? తెలుగు పండిట్ పదోన్నతి కోసం ఎంఏ తెలుగు చేసే టీచర్, ప్రమోషన్‌కు పనికొస్తుందని ఎంకాం చేసే బ్యాంకు ఉద్యోగి వెయ్యి రూపాయలకు వెనకాడరు. కూలి పనికి వెళ్తూ డిగ్రీ చేసేవాళ్లు వెనకాడతారు. అందుకే ఒకే రేటు తగ్గించేకన్నా, పీజీ ఫీజు కొంచెం ఎక్కువ పెట్టి, డిగ్రీ ఫీజును వాయిదాల్లో కట్టుకోనివ్వడం మేలు. 2022 ఏప్రిల్ నుంచి ఒక రెగ్యులర్ కోర్సుతోపాటు ఇంకో దూరవిద్య కోర్సు చేయడానికి యూజీసీ ఒప్పుకుంది. మీ ప్రాంగణంలోనే చదువుతున్న పిల్లలు కూడా మీ గిరాకీయే, వాళ్లకు ప్రకటన ఖర్చు లేదు.

మెట్టు 10: చేతిలో డబ్బు

గిట్టుబాటు అయ్యే కోర్సు కూడా మొదటి ఏడాది చేతిలో డబ్బు లేక ఆగిపోవచ్చు. ఫీజు రూపంలో మొదటి రూపాయి రాకముందే మొదటి ఏడాది పది పేపర్లకు 20 లక్షలు, వెయ్యి సెట్ల అచ్చుకు 12 లక్షలు, అధ్యాపకులకు ఆరు నెలల జీతం 15 లక్షలు కావాలి. మొత్తం 47 లక్షలు. ఇది విశ్వవిద్యాలయం ఇచ్చే అడ్వాన్సా, ఇప్పటికే నడుస్తున్న కోర్సుల మిగులా అన్నది ముందే ఫైలు మీద తేల్చుకోండి. రచయితల రెమ్యునరేషన్ ఏడాది బకాయి పడితే రెండో ఏడాది పుస్తకాలు వాళ్లు రాయరు. రాసినా, నిన్నటి నోట్సే టైపు చేయించి ఇస్తారు.

రివర్స్ కథ కూడా ఉంది. కేంద్రంలో మిగులు కనిపించగానే దాన్ని జీతాలకో పింఛన్లకో మళ్లించే అలవాటు చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఉంది. కష్టకాలంలో అది తప్పకపోవచ్చు. పుస్తకాలు తిరగరాయించే నిధిని మాత్రం ముట్టుకోకుండా వేరే ఖాతాలో ఉంచేలా పాలకమండలి తీర్మానం చేయించుకోండి. ఏటా 8 లక్షలు పక్కన పడకపోతే అయిదేళ్లకు సిలబస్ మారినప్పుడు మళ్లీ 40 లక్షలకు చేతులు చాచాల్సిందే. ఈలోగా విద్యార్థి చేతిలో పదేళ్ల కిందటి గణాంకాలతో అర్థశాస్త్రం పుస్తకం ఉంటుంది.

మూసేటప్పుడు అయ్యే ఖర్చు

కోర్సు మొదలుపెట్టే ఫైల్లో మూసే ఖర్చు ఎవరూ రాయరు. అడ్మిషన్లు ఆపేసినంత మాత్రాన కోర్సు మూసినట్టు కాదు. రెండేళ్ల కోర్సుకు సాధారణంగా నాలుగేళ్ల గడువు ఉంటుంది. ఆఖరి బ్యాచ్ చదువు ముగిశాక ఇంకో రెండేళ్లు బ్యాక్‌లాగ్ పరీక్షలు పెట్టాలి. ఇరవై పేపర్లకు ఏడాదికి రెండు పరీక్షల ప్రశ్నపత్రాలే 1,20,000, రెండేళ్లకు 2,40,000. రాసేవాళ్లు ఇరవై మంది కూడా ఉండకపోవచ్చు. పైగా పాత సిలబస్ తెలిసిన మూల్యాంకకులు దొరకరు. నడుస్తున్న రోజుల్లో ప్రతి విద్యార్థి ఫీజులోంచి 200 పక్కన పెడితే, 1,039 మందికి ఏడాదికి 2,07,800 అవుతుంది. రెండేళ్లు అలా చేస్తే 4,15,600. ఆ డబ్బులోంచే ప్రశ్నపత్రాల ఖర్చు పోగా మూల్యాంకనానికి, ఒక పరీక్షా కేంద్రం నడపడానికి, పాత రికార్డులు స్కాన్ చేయించి పెట్టడానికి మిగులుతుంది. రెండేళ్లు నిండాక ఈ 200 కోత ఆపేయవచ్చు, ఖాతా మాత్రం ఆఖరి విద్యార్థి పట్టా తీసుకునేదాకా మూయకూడదు.